చెవులపిల్లుల డాక్టరు

ఎవరైనా పసిపిల్లను చూసి "అబ్బ, కళ్ళు ఎంత పెద్దగా ఉన్నాయో!" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముసల్దానికి చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి. మొన్న జడ్చర్లలో మా మరిది మనవరాలి ఇంట్లో అదే జరిగింది. ఆ పిల్లకు తొలి కాన్పులో ఆడబిడ్డ పుట్టిందంటే చూసి రావడానికి పోయాను. చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ బిడ్డ కళ్ళ మీదే పడ్డారు. చారెడేసి కళ్ళట. అచ్చం బొమ్మ కళ్ళట. "మన ఇంటి కండ్లు గద, యాడికి పోతయ్?" అని ఒకావిడ మురిసిపోయింది. ఆ మాట చెవిన పడేసరికి చేతిలో ఉన్న లడ్డూ పళ్ళెంలో పెట్టేశాను.

"పిల్ల ఎలుగు చూస్తే మొహం తిప్పుకుంటాందా?" అని అడిగాను.

అందరూ నా వైపు అదోలా చూశారు. శుభమా అని బిడ్డను చూడటానికి వచ్చి, వెలుతురు చూస్తే ఏం చేస్తుందని అడగడమేంటి అన్నట్టు. అడిగింది నేనే కానీ, ఆ ప్రశ్న నాది కాదు. అందులోని విసురు కూడా నాది కాదు. ఎప్పుడో ఆత్మకూరులో మా ఇంటి ఎదురుగా ఉన్న పశువుల దవాఖానలో పనిచేసిన ఒక మనిషిది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. అందరికీ ఆయన చెవులపిల్లుల డాక్టరు. కుందేలును మా వైపు చెవులపిల్లి అంటారు. అరవైల మొదట్లో నల్లగొండ జిల్లా మేళ్లచెరువు నుంచి బదిలీ మీద వచ్చాడు. భార్యా పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఆ నోటికి దూరంగా ఆవిడ సుఖంగానే ఉండి ఉంటుంది.

పొట్టి మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు. అది విప్పగా చూసినవాళ్ళు తక్కువ. వేలు పెట్టి చూపించాల్సిన చోట గొడుగు పెట్టి చూపించేవాడు. కళ్ళద్దాలను ధోవతి అంచుతో తుడుచుకునేవాడు. దూడల చొంగా, మందు మరకలూ అన్నీ ఆ అంచుకే ఉండేవి కాబట్టి తుడిచాక అద్దాలు ఇంకాస్త మసకబారేవి. టీ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగేవాడు. ఏ ప్రాణి ఎదురైనా ముందు బొటనవేలితో దాని కనురెప్ప పైకెత్తి చూడటం ఆయనకు అలవాటు. దారిన పోయే మేకను కూడా ఆపి చూసేవాడు.

పశువుతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు వేరు. "జర ఆగమ్మా... అయిపాయె తల్లీ, అయిపాయె" అంటూ బర్రె మెడ నిమిరేవాడు. అటు తిరిగి దాన్ని తోలుకొచ్చిన మనిషి మీద విరుచుకుపడేవాడు. "దీనికి నోరు లేదు. నీకున్నది గదరా! గీ దాక ఎందుకు తెచ్చినవ్? మొన్ననే రానీకి ఏమైంది?" ఎదుట ఉన్నది గొర్ల కాపరా, ఊరి పటేలా అన్న తేడా లేదు. అందరికీ ఒకటే తిట్టు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయనకు ఏ ఊరూ మంచిది కాలేదు. అందుకే అన్ని బదిలీలు.

ఇక ఆ కుందేళ్ళ సంగతి. రైతుల ఇళ్ళలో పెంచండంటూ బ్లాకాఫీసు వాళ్ళు తెల్ల కుందేళ్ళ జత ఒకటి తెచ్చి దవాఖానలో దింపిపోయారు. ఎవరూ తీసుకోలేదు. దాన్ని పెంచేదెవరు, కోసేదెవరు? వెనక వసారాలో జాలీ పెట్టెలు చేయించి ఆయనే పెట్టుకున్నాడు. అవి పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలు తమలో తామే కూడి మళ్ళీ పిల్లల్ని పెట్టాయి. బయటి నుంచి ఇంకో జత వస్తే కదా. కొంతకాలానికి ఒక్కో ఈతలో ఒకటో రెండో పెద్ద పెద్ద కళ్ళతో పెరగసాగాయి. గడ్డి వేసే నెపంతో ఆడవాళ్ళు పోయి చూసి "ఎంత ముద్దుగున్నయో" అనేవారు. ఆయన గొడుగు ఆడిస్తూ లేచేవాడు.

"కండ్లు చూడనీకి ఉంటయ్, చూపెట్టనీకి గాదు! పోండ్రి ఈడికెళ్లి!"

కొన్నాళ్ళకు ఆ ఎర్రని కళ్ళ మీద నీలపు పొర కమ్మేది. తర్వాత పాలు పోసినట్టు తెల్లబడేవి. చూపు పోయిన కుందేలు గడ్డిపోచ కోసం ముక్కుతో తడుముకుంటుంటే ఆయన పక్కన గొంతుక్కూర్చొని నోటికి అందించేవాడు. ఏ జతకు ఇలాంటివి పుడుతున్నాయో తెలుసుకోవాలని వాటి చెవులకు రంగు సిరాలతో గుర్తులు పెట్టాడు. తల్లి కళ్ళు బాగుంటాయి, తండ్రి కళ్ళు బాగుంటాయి, పిల్ల మాత్రం గుడ్డిదవుతుంది. ఈ సంగతి కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. జనం నవ్వుకుంటూ పోయేవారు.

నేనూ నవ్వాను. అప్పటికి నా కడుపులో పాప ఉంది.

మాది మేనరికం. మా అత్త నాకు మేనత్తే. అంటే మా నాయిన చెల్లెలు. నా మొగుడు నా బావ. మా అత్తా మామలు కూడా బావా మరదళ్ళే. మా ఇంట్లో పెద్ద కళ్ళంటే అదొక గొప్ప. ఏ తరంలోనో ఒకావిడకు అంతంత కళ్ళుండేవట. చిన్నతనంలోనే ఆ కళ్ళు పోయాయట. ఎందుకు పోయాయంటే, ఊరి దిష్టి. అంతే. కళ్ళు పోయిన సంగతి వదిలేసి, కళ్ళ అందం సంగతి పట్టుకున్నారు మావాళ్ళు. నన్ను కోడలిగా అడిగిన రోజున మా అత్త అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"పొలమైనా, కండ్లైనా ఇంట్లనే ఉండాలె అన్నా. బయటోళ్లకు ఎందుకిస్తం?"

పుట్టింట్లో పురుడు పోసుకొని, ఐదో నెలలో పాపను ఎత్తుకొని ఆత్మకూరు వచ్చాను. ఆ రోజు ఇంట్లో విందు. చంటిదాని కళ్ళు చూసి మా అత్త కాళ్ళు నేల మీద నిలవలేదు. కళ్ళ నిండా కాటుక, బుగ్గన అరచేతి మందం చుక్క. పాపను వాకిట్లోకి తెస్తే చాలు, మొహం నా రొమ్ములో దాచుకునేది. కళ్ళ నుంచి నీళ్ళు ఆగేవి కావు. "సిగ్గు దీనికి. ఎండకు ఓర్వని దొరసాని" అని నవ్వారు. చీకటి గదిలోనే కళ్ళు తెరిచేది. అదీ ఒక ముచ్చటే అయింది వాళ్ళకు.

మా బర్రెను బతికించినందుకు డాక్టరునూ భోజనానికి పిలిచాడు మా మామ. వరుసలో కూర్చొని తింటున్న మనిషి, నేను పాపతో అటు వెళుతుంటే ఆగమన్నాడు. ఎడమచేతి బొటనవేలితో రెప్ప ఎత్తాడు. భుజం మీద తువ్వాలతో కాటుక తుడిచేశాడు. వాకిలి వైపు తిప్పమన్నాడు. పాప కెవ్వున ఏడ్చింది.

"పిల్ల ఎలుగు చూస్తే మొహం తిప్పుకుంటాందా?"

"అవునండి," అన్నాను.

అంతే, లేచి నిలబడ్డాడు. కుడిచేతికి పప్పన్నం అలాగే ఉంది. ఇంటినిండా చుట్టాలు.

"గిది అందం గాదు, రోగం! గీ పిల్లకు కండ్లు పోతయ్. నా జాలీలున్న చెవులపిల్లులకు గిట్లనే పోయినయ్. అన్నకు చెల్లెనిచ్చి కట్టబెడితె గిట్లనే పుడతయ్. మీరు జేసింది గూడ గదే!"

ఊహించుకోండి. మేనరికాన్ని పట్టుకొని అన్నాచెల్లెళ్ళ సంబంధంతో పోల్చాడు. పాపను కుందేలు పిల్లతో పోల్చాడు. అదీ విందులో, వియ్యాలవారి ముందర. మా మామ మొహం జేవురించింది. "పశువుల డాక్టరువు, పశువుల కాడ ఉండు. లే, బయటికి నడువు!" అన్నాడు. మా అత్త శాపనార్థాలు మొదలుపెట్టింది. ఆయన ఎంగిలి చేత్తోనే గొడుగు అందుకొని, గడప దాటి కూడా అరుస్తూనే పోయాడు. "గుడ్డిదైతది! రాసిపెట్టుకోండ్రి!"

నాకు ఆ మనిషి మీద ఇప్పటికీ కోపమే. చెప్పింది నిజం. అక్షరం తప్పులేదు. కానీ ఆ నిజాన్ని ఎవరూ ఒప్పుకోలేని తీరులో చెప్పాడు. ఆ రోజు తర్వాత మా ఇంట్లో పాప కళ్ళ గురించి మాట్లాడితే ఆ తాగుబోతు మాటలు నమ్ముతావా అనేవారు. ఆయన తాగడు. అయినా తాగుబోతును చేశారు. ఆయనకూ పంతమే. మా ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే, ఎన్నడూ విప్పని ఆ గొడుగు విప్పి మా వైపు అడ్డం పెట్టుకొని పోయేవాడు. ఒక పసిబిడ్డ కళ్ళు ఆరిపోతుంటే గొడుగు చాటు చేసుకున్న మనిషిని నేను దేవుడని ఎలా అంటాను?

ఎడమ కంటి మీద నీలం రంగు దిగింది. మా అత్త నా చనుబాలు పిండి చుక్కలు వేసింది. నందివర్ధనం పూలు నలిపి కళ్ళకు కట్టింది. ఉప్పూ మిరపకాయలూ ఎన్ని పొయ్యిలో పోసిందో. మా బావకు అన్నిటికీ ఒకటే మాట. "అమ్మ చూసుకుంటది" అనేవాడు. మంచివాడు. అలాంటి మంచితనాన్ని ఏ గంగలో కలపాలో నాకు తెలియలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తుండగా, పాప మీద కొంగు కప్పి వీధి దాటాను. ఆయన వెనక వసారాలో కుందేళ్ళకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

"ఎందుకొచ్చినవ్? నేను పశువుల డాక్టర్ని. పశువుల కాడ ఉండమన్నరు గద."

నాలో అన్నాళ్ళుగా కాగుతున్నది అప్పుడు పొంగింది.

"అయితే పశువనుకొనే చూడుండ్రి డాక్టర్ సాబ్! దీనికి గూడ నోరు లేదు. మీ పంతం మా మామ మీద గదా, నా బిడ్డ మీదెందుకు? తెలిసినోళ్లే మొహం తిప్పుకుంటే తెల్వనోళ్లను ఏమని తిట్టాలె?"

చేతిలో గడ్డి కింద పడేశాడు. ధోవతికి చేతులు తుడుచుకొని, నా కొంగు పక్కకు తీసి పాప మీదికి వంగాడు. "జర ఆగమ్మా," అన్నాడు. దూడలతో అనే గొంతే. పాప ఏడుపు ఆపింది.

చూశాక నాతో, "నువ్వే చూడు బిడ్డా, నేను చెప్తే వినకు," అన్నాడు. జాలీలోంచి చూపు బాగున్న కుందేలును తీసి ఒళ్ళో పెట్టుకొని, దాని రెప్ప మూసి, నా చూపుడువేలు దాని మీద మెల్లగా ఆనించాడు. మెత్తగా ఉంది, పండిన రేగుపండులా. తర్వాత పెద్ద కళ్ళ కుందేలును తీశాడు. రెప్ప కింద పచ్చి నిమ్మకాయలా గట్టిగా తగిలింది. నా వేలు వెనక్కి లాక్కున్నాను. ఆయన ఆ వేలు పట్టుకొని పాప ఎడమ రెప్ప మీద పెట్టాడు. నిమ్మకాయే. కుడి రెప్ప మీద పెట్టాడు. అంత గట్టిది కాదు కానీ, రేగుపండూ కాదు.

"కంట్ల నీళ్లు ఊరుతనే ఉంటయ్ బిడ్డా. ఏడ్చే నీళ్లు గావు, లోపలి నీళ్లు. ఊరినయ్ ఊరినట్టు సన్నటి తొవ్వలకెళ్లి పోవాలె. దీనికి పోయే తొవ్వ పుట్టుకతోనే సక్కగ లేదు. నీళ్లు నిండి కన్ను ఉబ్బుతాంది. దాన్ని మీరు అందం అంటున్నరు."

"తొవ్వ చెయ్యరాదా?"

"చెవులపిల్లికి నేను సూదితోని చేసి చూసిన. రెండు దినాలు మెత్తబడ్డది, మళ్ల పూడిపాయె. నా చేతగాదు. పట్నంల కండ్ల దవాఖానోళ్లకు అయితది. అయితే జల్ది పోవాలె. లేటైతే వాళ్ల చేత గూడ గాదు."

"మావోళ్లు పంపరు."

ఆయన ఆ పెద్ద కళ్ళ కుందేలును జాలీలో పెట్టి మూత వేశాడు. తర్వాత నన్ను ఇంటికి పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున మా గడప ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మా అత్త చీపురు అందుకోబోయింది. ఆయన చేతులు జోడించాడు. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను.

"అక్కా, గా దినం నోరు జారిన. తప్పాయె. మీ ఇంటి కండ్లు మామూలు కండ్లా? ఊరు ఊరంత కన్నేసింది. గిది పెద్ద దిష్టి. ఉప్పు మిరపకాయలకు పోదు, ఊరు దాటియ్యాలె. పట్నంల ఒక దవాఖాన ఉంది, ఆడ మందు పోయిస్తే దిగుతది."

మా అత్త మొహం విప్పారింది. "చూసినవా, నేను అననే అంటిని దిష్టి అని!" అంది మా మామతో. చీపురు పక్కన పెట్టి ఆయనకు టీ ఇచ్చింది. ఆయన సాసర్లో పోసుకున్నాడు కానీ ఊదలేదు. వేడివేడిగానే గొంతులో పోసుకొని లేచాడు.

జడ్చర్ల దాకా ఆయనే మాతో బస్సులో వచ్చాడు. అక్కడ పట్నం బస్సు కోసం నిలబడినప్పుడు, పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా మా బావ మీద కక్కాడు. "నేను మొక్కిన్రా! నీ తల్లికి నేను మొక్కిన! ఎన్నడు ఆడని అబద్ధం ఆడిన. తండ్రివి నువ్వు, నీ నోరేమైంది? నీ కంటె నా కాడున్న ఎద్దు నయం, నొప్పైతే రంకె అన్న వేస్తది!" బస్టాండు మొత్తం తిరిగి చూసింది. మా బావ తల దించుకున్నాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరకొచ్చి, "బిడ్డా, గీ అబద్ధమేదో నేను మొదటి దినమే..." అని ఆగిపోయాడు. నేను ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి? నా ఒళ్ళో ఉన్నదానికి అప్పటికే ఒక కన్ను తెల్లబడింది.

దవాఖానలో రెండు కళ్ళకూ నీళ్ళు పోయే దారి చేశారు. కుడి కన్ను దక్కింది. ఎడమది దక్కలేదు. "ముందుగాల ఎందుకు తేలేదమ్మా?" అని అడిగాడు అక్కడి పెద్ద డాక్టరు. నోరున్న మనిషినే, పాప కంటి కట్టు సర్దుతూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక మా అత్త ఊరంతా చెప్పుకుంది, ఊరు దాటిస్తే సగం దిష్టి దిగిందని. సాక్షి ఎవరు? డాక్టరే! ఆయనే స్వయంగా అన్నాడు కదా! పాప నడక నేర్చే సమయానికి మా మరిదికి సంబంధం కుదిర్చారు. పిల్ల ఎవరో కాదు, మా ఆడబిడ్డ కూతురు. అంటే సొంత అక్క బిడ్డ. నేను వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "డాక్టరే దిష్టి అన్నడు, నువ్వు డాక్టరు కంటె ఎక్కువనా?" అంది మా అత్త. ఆయన చేతులు జోడించి ఆడిన అబద్ధం చక్కగా తిరిగొచ్చి మా గడపలో కూర్చుంది.

తాంబూలాలు పుచ్చుకునే రోజున పిలవకుండానే వచ్చాడు. చంకలో గొడుగు లేదు, చేతిలో బుట్ట ఉంది. బుట్టలోంచి గుడ్డి కుందేలును తీసి తాంబూలం పళ్ళేల మధ్య పెట్టాడు.

"నేను చెప్పింది అబద్ధం. దిష్టి లేదు, గిష్టి లేదు. గిది రోగం, నెత్తుట్ల వస్తది. గీ లగ్గం చెయ్యకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

మా మామ నిదానంగా తమలపాకుకు సున్నం రాసుకుంటూ అన్నాడు. "గప్పుడు అబద్ధమాడిన అంటవ్. మరి గిప్పుడు ఆడుతలేవని మాకెట్ల తెలుస్తది డాక్టరూ?"

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆయన నోరు తెరిచాడు. తిట్టు రాలేదు. కుందేలు పళ్ళెం అంచు ముక్కుతో తడిమి ఒక తమలపాకు నమలసాగింది. నా కూతురు తప్పటడుగులు వేసుకుంటూ పోయి, మంచి కన్ను దాని వైపు వచ్చేలా తల పక్కకు తిప్పి చూసి, ఇంకో ఆకు దాని నోటికి అందించింది. ఆయన ఆ ఇద్దరినీ కాసేపు చూసి బుట్ట అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. త్వరలోనే బదిలీ అయింది. మళ్ళీ కనబడలేదు. ఎక్కడున్నాడో, ఎప్పుడు పోయాడో తెలియదు.

"గా గుడ్డి జంతువును బయట పారెయ్," అంది మా అత్త. "ఉంటది. ఈడనే ఉంటది," అన్నాను. ఆ ఇంట్లో నా మాట నెగ్గింది అప్పుడే. అది బతికినన్నాళ్ళూ మా వంటింట్లోనే ఉంది. మా మరిది పెళ్ళి మాత్రం ఆగలేదు. వాళ్ళ రెండో పిల్లవాడికి రెండు కళ్ళూ పోయాయి. దిష్టి అన్నారు.

ఇప్పుడీ జడ్చర్ల పిల్ల ఆ మరిది మనవరాలే. ఇచ్చింది మేనబావకే. ఇన్నేళ్ళు గడిచినా "మన ఇంటి కండ్లు" అని మురిసిపోయే నోళ్ళు అలాగే ఉన్నాయి. నాకు ఆ లడ్డూల పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. ఆయన మొదటి రోజు అరిచినట్టు అరవాలనిపించింది. అరిస్తే ఏమైందో చూశాను. అబద్ధమాడితే ఏమైందో అదీ చూశాను.

"పిల్లకు పాలిచ్చే యాళ్లాయె, లోపలికి రా," అని తల్లిని గదిలోకి తీసుకుపోయి తలుపు వేశాను. బిడ్డను నా ఒళ్ళోకి తీసుకున్నాను. "జర ఆగమ్మా," అన్నాను. రెప్పలు మూసి వేలు ఆనించాను. నిమ్మకాయే. నా వేలికి తెలుసు. మరిచిపోలేదు. తల్లి చెయ్యి పట్టుకొని, ఆమె వేలు ఆ రెప్ప మీద పెట్టాను.

"గిప్పుడు నీ కన్ను మూసుకొని, దాని మీద పెట్టుకో."

పెట్టుకుంది. మళ్ళీ బిడ్డ రెప్ప మీద పెట్టింది. మళ్ళీ తన రెప్ప మీద. తలుపు అవతల ఎవరో కాటుక డబ్బీ ఏదని అడుగుతున్నారు. తల్లి కొంగుతో బిడ్డను చుట్టేసుకొని లేచి నిలబడింది.

"అవ్వా, పట్నం బస్సు ఎన్నింటికున్నది?"